కొలెటా కుడిచెయ్యి

గెంట్ పట్టణంలో శిల్పి లీవెన్ పేరు తెలియనివాడు లేడు. ఇరవై ఎనిమిదో ఏట బ్రస్సెల్స్‌లో బంగారు పతకం కొట్టాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళూ చెక్కిందల్లా చచ్చిపోయిన షావుకార్ల ముఖాలు. ఉన్నది ఉన్నట్టు చెక్కమన్న పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. దొంగచూపులవాడికి సాధువు కళ్ళు పెట్టాడు, గడ్డం కింద మడత వేలాడేవాడికి ఆ మడత తీసేశాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అని తనను తానే తిట్టుకుంటూ మరో ముఖానికి ఒప్పుకునేవాడు.

ఈసారి నూలుమిల్లు యజమాని దోంత్ వంతు. ఆయన పోయిన రెండేళ్ళకు, ఊరి నడిమి చౌకులో పాలరాతి విగ్రహం నిలపాలని పెద్దమనుషులు కమిటీ వేశారు. ఆయన కాళ్ళ దగ్గర ఒక మిల్లు కార్మికురాలు కృతజ్ఞతతో పూలు అందిస్తూ ఉండాలట. కృతజ్ఞత! వినగానే లీవెన్‌కి ఒళ్ళు మండింది. అయినా ఆ బొమ్మకు నమూనాగా నిలబడమని కొలెటాను పిలిపించాడు. దోంత్ మిల్లు యంత్రం ఆమె కుడిచేతి వేళ్ళు మూడు మింగేసింది. తప్పు నీదేనని పనిలోంచి కూడా తీసేశారు.

"నా చెయ్యి ఎలా ఉందో అలాగే చెక్కాలి మేస్త్రిగారూ. కుదరదంటే ఇప్పుడే చెప్పండి, పోతాను," అంది కొలెటా.

మాటిచ్చాడు. మూడు వారాలు బంకమట్టితో ఆ చేతినే చేశాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి తన పని మీద తనకు రోత పుట్టలేదు.

మట్టిబొమ్మ చూడటానికి కమిటీ వచ్చింది. దానికి అధ్యక్షుడు దోంత్‌గారి అల్లుడు ఒనొరే. మట్టి కంపు కొడుతున్నట్టు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, మామగారి కాళ్ళ దగ్గర ఈ మొండిచెయ్యి ఏమిటి, వేళ్ళు పెట్టండి అన్నాడు. కుదరదని చెప్పడానికే లీవెన్ నోరు తెరిచాడు. బయటికొచ్చింది మాత్రం "చిత్తం".

ఆ వేళ్ళు సొంతంగా చేయడానికి మనసొప్పలేదు. గోడకు ఒక పోత చెయ్యి వేలాడుతోంది. గొప్పింటి ఆడపిల్లల పెళ్ళినాడు చేతిని సుద్దలో పోత పోయించుకోవడం అక్కడి ముచ్చట. అది ఒకప్పుడు లీవెన్ పోసినదే, దోంత్ కూతురి చెయ్యి, అంటే ఒనొరే భార్యది. దాన్ని చూసి మూడు వేళ్ళు అచ్చంగా అలాగే బొమ్మలోకి దించేశాడు. ఒక్క పూటలో, ఎక్కడా తప్పు పోకుండా పని అయిపోయింది. అదే ఆయనకు మరీ అసహ్యం అనిపించింది.

ఆవిష్కరణ నాడు బాజాలు, ఉపన్యాసాలు. కొలెటా ముందుకొచ్చి రాతిచేతిని చాలాసేపు చూసింది.

"ఈ వేళ్ళెవరివి మేస్త్రిగారూ?"

అబద్ధం నోట రాలేదు, చెప్పేశాడు. ఆమె తిట్టలేదు, తల ఒకసారి ఊపి వెళ్ళిపోయింది. ముఖాన ఉమ్మేసినా బాగుండేదనుకున్నాడు లీవెన్.

తర్వాతి ఆదివారం, చౌకులో సంత నిండా జనం ఉండగానే, ఎవరో సుత్తితో ఆ మూడు వేళ్ళూ రాలగొట్టారు. పోలీసులు అడిగితే మేం చూడలేదు అన్నారు అందరూ. సోమవారం పొద్దున్నే ఒనొరే లీవెన్‌ని చౌకుకు లాక్కెళ్ళాడు. లీవెన్ దగ్గరగా వంగి చూశాడు. కొలెటా వేళ్ళు ఎక్కడ తెగాయో సరిగ్గా అక్కడే ఇవీ తెగాయి. కొట్టినవాళ్ళకు ఆ చెయ్యి బాగా తెలుసు.

ఎవరి పనో చెప్పు, ఎప్పటికి బాగుచేస్తావో చెప్పు అని ఒనొరే ఎగిరిపడుతున్నాడు. లీవెన్ తన పనిశాలకు నడిచి, గోడ మీది పోత చెయ్యి తీసి, వెంటబడి వచ్చిన ఒనొరే చేతిలో పెట్టాడు.

"మీ ఆవిడది, తీసుకెళ్ళండి. విగ్రహంలో బాగుచెయ్యడానికి ఏమీ లేదు. నా పేరు మీదున్న చేతుల్లో నిజమైంది చౌకులోని ఆ చెయ్యొక్కటే. దాన్నీ పూర్తిచేసింది నేను కాదు."