తప్పిపోవడానికి వీల్లేని దారి

తడిసి నల్లబడిన ఆకుల వాసన.

అడుగు వేస్తే చప్పుడు రాదు. కాలు మెత్తగా దిగుతుంది. తీయబోతే నేల వదల్లేక వదులుతుంది...

గేటు పక్కన బోర్డు. సులువైన దారి — పిల్లలు, పెద్దలు ఎవరైనా నడవవచ్చు. బయలుదేరిన చోటికే తిరిగి వస్తారు.

ఆమె ఆ బోర్డు వైపు చూడదు. చూడకుండానే కంఠతా వచ్చు.

ముందు ఆమె. వెనక ఆడబిడ్డ. నీళ్ళ సీసా కాసేపు ఈ చేతిలో, కాసేపు ఆ చేతిలో.

వానలు మొదలైన రోజుల్లో, ఒక సెలవు పూట, ఆమె భర్త ఈ దారిలో నడవడానికే వచ్చాడు. స్కూటరు గేటు దగ్గర నీడలో పెట్టాడు. హెల్మెట్ అద్దానికి తగిలించాడు. స్కూటరు దొరికింది. హెల్మెట్ దొరికింది.

ఆయన దొరకలేదు.

ఆయన బస్సు డ్రైవరు. వారమంతా కూర్చుని చక్రం తిప్పే మనిషికి సెలవు రోజున కాళ్ళు ఊరుకోవు. ఊరందరినీ ఎవరి స్టాపులో వాళ్ళని దించుతాడు గానీ, వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలీదు. అడిగితే, "అది నా రూట్లో లేదే" అంటాడు.

అలాంటి మనిషి — తప్పిపోవడానికి వీల్లేని దారిలో తప్పిపోయాడు.

మొదట ఊరు ఊరంతా కదిలొచ్చింది. పోలీసులు. కుక్కలు. పడవలు. డిపో నుంచి ఖాకీ చొక్కాలు — డ్యూటీ దిగీ దిగగానే, తిండి కూడా తినకుండా. రెల్లులో కర్రలు గుచ్చుతూ, పేరు పెట్టి పిలుస్తూ. కొన్నాళ్ళు అడవంతా ఆ పేరే మోగింది.

వానకి నీళ్ళు బాట మీదికి ఎక్కి ఉంటాయన్నారు. ఆ బురదకి అడుగెక్కడో తెలీదన్నారు. ఏమో అన్నారు.

తర్వాత కుక్కలు వెళ్ళిపోయాయి. తర్వాత పడవలు. ఖాకీ చొక్కాలు పలచబడ్డాయి. ఎవరి బతుకులు వాళ్ళవి... ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు.

ఆదివారాలు మిగిలాయి. ఆడబిడ్డ మిగిలింది.

చెట్లు. చెట్ల వెనక చెట్లు. మధ్యలో చిల్లులు పడ్డ గుడ్డలాంటి వెలుతురు.

ఆమె దర్జీ. తెగిన పోగును వెతికినట్టు నేలను వెతుకుతుంది. ఆకు తీస్తే ఆకు. దాని కింద ఇంకో ఆకు. దాని కింద తడి.

చెట్లు అయిపోయాయి. నేల నీళ్ళయింది. నీళ్ళ మీదుగా చెక్కల బాట. అటూ ఇటూ రెల్లు — మనిషి ఎత్తు రెల్లు.

గాలి వస్తే రెల్లు పాయగా విడిపోతుంది. ఎవరో వస్తున్నట్టు.

ఎవరూ రారు.

అప్పుడు — రెల్లు మొదళ్ళలో — నీలం.

ఆ రోజు ఆయన వేసుకున్నది నీలం చొక్కా. అరిగిన కాలరు విప్పి, తిరగేసి, తనే కుట్టింది. చేతికుట్టు.

ఆమె చెక్కల మీద బోర్లా పడుకుంది. ఆడబిడ్డ ఆమె నడుము గట్టిగా పట్టుకుంది. తెచ్చుకున్న కర్రతో లాగితే బురద కారుతూ వచ్చింది గుడ్డ. ఆమె అంచు తిరగేసింది. కుట్టు వెంట బొటనవేలు నడిపించింది.

మిషను కుట్టు. ఏదో సంచి ముక్క.

"కాదు," అంది.

మొదటి రోజుల్లో "కాదు" అంటే, బతికే ఉన్నాడని. ఇప్పుడు "కాదు" అంటే — మళ్ళీ ఆదివారం అని. అంతే.

మలుపులో ఒక చెక్కబల్ల. ఆడబిడ్డ కూర్చుని మోకాలు నొక్కుకుంది. ఎదురుగా నీళ్ళలో ఒక నీటికోడి. ఆడబిడ్డ దాన్నే చూస్తోంది. చాలాసేపు చూసింది.

"వదినా... వచ్చే వారం నుంచి నేను రాను."

"మోకాలా?"

"మోకాలు కాదు."

"మందుల షాపులో సెలవివ్వనంటున్నారా?"

"అదీ కాదు." "మొదట్లో ఈ గేటు దాటితే అన్నయ్య తప్ప ఇంకేదీ గుర్తొచ్చేది కాదు. ఇప్పుడు... ఆ నీటికోడి చూడు. పోయినవారం పిల్లల్ని వెంటేసుకుని తిరిగింది. ఇవాళ వచ్చీ రాగానే ఆ పిల్లలేవీ అని చూశాను వదినా. అన్నయ్య కోసం వచ్చి, పిట్టపిల్లల్ని వెతుక్కుంటున్నా. నాకిక్కడ బాగుంటోంది. సిగ్గేస్తోంది."

ఆమెకు ఒళ్ళు మండింది. తిట్టు నాలిక చివరిదాకా వచ్చింది.

వచ్చి, ఆగింది.

నిన్న కొట్లో ఎవరో ఏదో అంటే తను కడుపుబ్బా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ... సూది చేతిలోనే ఉండగా... ఠక్కున ఆగిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"నువ్వు నమ్ముతున్నావా వదినా? నమ్ముతున్నానని చెప్పు. మోకాలు విరిగినా వస్తా."

నీటికోడి మునిగింది. ఎక్కడ తేలుతుందా అని ఇద్దరూ చూశారు.

"నువ్వు వెనక్కి పద," అంది ఆమె. "గేటు దగ్గర కూర్చో. నేను చుట్టి వస్తా."

ఆడబిడ్డ లేచింది. కుంటుకుంటూ వెళ్ళింది. చెక్కల మీద ఆ కాలి చప్పుడు చిన్నదై, చిన్నదై...

ఇక రెల్లు ఒక్కటే.

కొంతదూరం పోయాక ఎదురుగా ఒకతను వచ్చాడు. భుజాల మీద పాప. పాప చేతిలో అతని జుట్టు.

"ఏమండీ, ఇటు వెళితే గేటు వస్తుందా?"

"ఎటు వెళ్ళినా గేటే."

"హమ్మయ్య. తప్పిపోయామేమో అనుకున్నా," నవ్వాడు. "మీకు బాగా అలవాటున్నట్టుందే!"

"మా ఆయన వచ్చేవాడు."

అతను తలూపి వెళ్ళిపోయాడు.

వచ్చేవాడు.

పోలీసులు అడిగారు. డిపోలో అడిగారు. దారిన పోయేవాళ్ళు అడిగారు. అందరికీ ఉన్న మనిషి గురించి చెప్పినట్టే చెప్పింది ఇన్నాళ్ళూ — వస్తాడు, తింటాడు, నవ్వుతాడు. ఇవాళ ఎవరూ లాగలేదు. ఎవరూ ఒప్పించలేదు. మాట దానంతటదే జారింది, వేళ్ళలోంచి సూది జారినట్టు.

ఆమె చెక్కల మీద కూలబడింది.

పోలీసులు చెయ్యని పని. బురద చెప్పని మాట. తను చేసేసింది. తను చెప్పేసింది. దారిన పోయే మనిషికి.

"వస్తాడు," అంది మెల్లగా. రెల్లుతో.

మళ్ళీ అంది.

మాట నోట్లో ఇమడలేదు. కొలత తప్పిన చొక్కాలా ఎక్కడో పట్టేసింది, ఎక్కడో వేలాడింది. మళ్ళీ అంది... ఇంక అనలేదు.

నీళ్ళు కదల్లేదు.

చాలాసేపటికి లేచింది. చెక్కలు అయిపోయాయి. చెట్లు వచ్చాయి. ఈసారి ఆమె ఆకులు తియ్యలేదు.

గేటు దగ్గర ఆడబిడ్డ చెప్పులు విడిచి రాతి మీద కూర్చుని ఉంది. ఆమె మొహం చూసి గభాలున లేవబోయింది.

"ఏమైంది వదినా? ఏమైనా కనిపించిందా?"

"లేదు."

పక్కనే కూర్చుంది. భుజానికి భుజం. ఆడబిడ్డ ఏడుస్తోందని ఆమె భుజానికి తెలిసింది. తనకు ఏడుపు రాలేదు.

"వచ్చే ఆదివారం..." అంది ఆమె.

ఆడబిడ్డ ఎదురుచూసింది.

చెట్ల కిందికి ఎండ దిగింది. పైపై ఆకులు ఆరుతున్నాయి. వాసన పలచబడుతోంది... పలచబడుతోంది...

అడుగున మాత్రం ఇంకా తడి.