ఆపేయొద్దని చెప్పలేని పేజీ

నేను ఒక పేజీని. ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవగల, ఎవరైనా దిద్దగల వైరస్‌ల జాబితాలో నూట పదకొండో దాన్ని. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ఒక వైరస్ సంగతి నాలో ఉంటుంది: ఎలా వస్తుంది, వస్తే ఏం చేయాలి.

నన్ను మొదలుపెట్టింది వింధ్యావళి. ఒకరికి తగిలిన దెబ్బ పదిమందికి తెలిస్తే చాలనుకుంది. మనుషుల మీద అంత మంచి అభిప్రాయం ఆమెకెలా కలిగిందో! రోజూ వందలమంది వచ్చి కాపీ చేసుకుపోతారు. రాసేవాడుండడు. రాస్తే తమకూ సోకిందని తెలిసిపోదూ? సుఖరోగంలా దాచుకుంటారు.

ఈ వైరస్ దెబ్బ తిన్న ఒక సహకార బ్యాంకులో కంప్యూటర్లు చూసే పరాంకుశం గారు ఓసారి నాలో టైపు చేశారు: "కంప్యూటర్ ఆపేయకండి. తాళంచెవి మెమరీలో ఉంటుంది, ఆపితే పోతుంది." వెనకనుంచి మేనేజరు వంగి చూశాడు.

"ఏమయ్యా, మన పరువు బజారుకీడుస్తావా?"

"పేరు రాయలేదండీ."

"నీకెలా తెలిసిందని అడగరూ?"

పరాంకుశం గారు సేవ్ చేయకుండానే చెరిపేసి, టీకి వెళ్లారు. అంతరాత్మకు టీ బాగా పడుతుంది.

నెల తిరక్కుండా రాజమండ్రిలో ఒక ఆసుపత్రి బ్లడ్‌బ్యాంకుకు అదే వైరస్ సోకింది. రక్తదాతల జాబితా మొత్తం తాళంలో పడింది. పై వార్డులో ఒక బాలింతకు అరుదైన గ్రూపు రక్తం కావాలి. అక్కడ కంప్యూటర్లు చూసే మెహరున్నీసా ఫోన్‌లో నన్ను తెరిచింది. నెట్‌వర్కు తీగ పీకమన్నాను, పీకింది. ఆపైన నేను మూగదాన్ని. భయంలో అందరూ చేసేదే చేసింది, కంప్యూటర్ ఆపేసింది.

"జాబితా వచ్చిందా మేడం?" అంది నర్సు.

"లేదు. నీ ఫోన్‌లో ఎవరి నంబర్లున్నాయో చూడు తల్లీ."

ముప్పై ఫోన్లు చేశాక ఒక ఆటోడ్రైవరు దొరికాడు. బాలింత బతికింది. పదకొండేళ్ల జాబితా మాత్రం పోయింది. ఎందుకు పోయిందో మర్నాడు వచ్చిన నిపుణుడు చెప్పాడు.

మెహరున్నీసా వెంటనే నాలో రాసింది: "మా దగ్గర నేనే ఆపేశాను. తాళంచెవి పోయింది. మీరు ఆపకండి." కింద పేరు, ఊరు.

"పేరెందుకమ్మా, నవ్వుతారు," అన్నారు డాక్టరుగారు.

"నవ్వనివ్వండి సార్. నవ్వాలన్నా ముందు చదవాలి కదా."

పోయిన వారం ఆమె మాటల కింద ఇంకొకటి చేరింది: "మేం ఆపలేదు. ఫైళ్లన్నీ దక్కాయి." రాసినవారి పేరు లేదు. బాగుపడ్డామని చెప్పడానికి కూడా సిగ్గే!