ముప్పాతిక ఓల్టేజీ

కొత్తపేట దగ్గర సత్తిరాజుగారి కొబ్బరిపీచు మిల్లుని అల్లుళ్ళిద్దరూ నడిపేవారు. పొద్దుటి వంతు చిన్నల్లుడు వెంకటరాజుది, మధ్యాహ్నం వంతు పెద్దల్లుడు మురళీమోహన్‌ది. తొంభై ఎనిమిది వేసవిలో మామగారికి మోకాళ్ళు పట్టేశాయి. వానలు పడేలోగా మిల్లు తాళంచెవులు ఒకరికి అప్పగించేస్తానన్నారు. ఆనాటి నుంచి వెంకటరాజు తీసిన పీచుకుప్ప మురళీమోహన్‌కి కంట్లో నలుసైపోయింది.

మురళీమోహన్ కుప్ప ఎప్పుడూ చిన్నదే. ఎందుకో అతనికి తెలుసు. అమలాపురంలో ఫిజిక్సు చదివి, వాళ్ళింట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్నవాడు. మధ్యాహ్నం చేలల్లో మోటార్లన్నీ ఆడతాయి, ఓల్టేజీ ముప్పాతికకి పడిపోతుంది. అప్పుడు మిల్లు మోటారుకి తిప్పే బలం ముప్పాతిక కాదు, ఇంచుమించు సగమే మిగులుతుంది. అంతకు మించి కొబ్బరి డొక్కలు వేస్తే నిలిచిపోతుంది. నిలిచిన మోటారు ఊరుకోదు, కరెంటు తాగి తాగి కాలిపోతుంది. ఇదంతా మామగారికి చెప్పాడు. ఆయన "అలాగా బాబూ" అని, మళ్ళీ కుప్పలకేసే చూశారు.

"అన్నయ్యగారూ, నిన్న పీచుతో పిచిక గూడు కట్టేరేంటండీ?" అన్నాడు వెంకటరాజు, వంతు దిగి తువ్వాలు దులుపుకుంటూ.

అత్తగారు అమ్మాజీ కిసుక్కున నవ్వి, మజ్జిగ గ్లాసు ముందు అతనికే అందించారు.

మురళీమోహన్ తన గ్లాసు ముట్టకుండా మిల్లులోకి వెళ్ళి, రెట్టింపు డొక్కలు వేశాడు. మోటారు మూలిగింది. స్టార్టరు డబ్బాలో రిలే టక్కున పడి ఆపేసింది. మోటారు కాలకుండా కాపాడేది అదే. అతను రిలే మరని చివరికంటా తిప్పేశాడు. ఇంక పడదు.

కుప్ప లేచింది. వెంకటరాజు కుప్పకి మూరెడు తక్కువలో ఉందనగా, తడి డొక్కలు ఒక్క ముద్దగా వెళ్ళి పీచు దువ్వే పళ్ళ డ్రమ్ము ఆగిపోయింది. మోటారు 'ఊఁ' అంటూ నిలబడిపోయింది. అతను స్విచ్చి కట్టేసేలోగానే వార్నీషు కాలిన కంపు, పొగ.

ముందు వెంకటరాజు పరిగెత్తుకొచ్చాడు. చివరికంటా తిప్పి ఉన్న రిలే మర చూశాడు. వెనకే కర్ర పోటేసుకుంటూ మామగారు, అత్తగారు.

"ఏమైందర్రా?"

"ఓల్టేజీ పడిపోయిందండి మావయ్యగారూ. అన్నయ్యగారి తప్పేం లేదండి. నా వంతులోనైనా అంతేనండి."

అమ్మాజీగారు చిన్నల్లుడి వంక మురిపెంగా చూశారు. మురళీమోహన్‌కి ఒళ్ళు మండిపోయింది. కుప్పలో వీడే, మజ్జిగలో వీడే. ఆఖరికి మంచితనంలోనూ వీడేనా?

"కాదండి. రిలే నేనే పెంచేను. నిలిచిపోద్దని తెలిసే వేసేను."

"ఎందుకు బాబూ?"

"ఆయన కుప్ప చూసి ఓర్చుకోలేకండి."

మామగారు కర్ర గోడకి ఆనించారు. రొంటిన ఉన్న తాళంచెవులు తీసి వెంకటరాజు చేతిలో పెట్టారు. "మధ్యాహ్నం మాత్రం సగం మేతే వెయ్యి. పెద్దబాబు చెప్పిన లెక్క నిజమే."

"ఆయ్" అన్నాడు వెంకటరాజు.

మోటారుని వైండింగు షాపుకి తీసుకెళ్ళడానికి రిక్షా వచ్చింది.

"అన్నయ్యగారూ, ఓ చెయ్యి వెయ్యండి."

పుల్లీ ఉన్న వైపు బరువెక్కువ. మురళీమోహన్ గబగబా వెళ్ళి ఆ వైపే పట్టుకున్నాడు. అదైనా వెంకటరాజుకి వదలదలచుకోలేదు.