చిన్నమ్మి తిప్పిన చక్రం

కూర్మయ్య కిరసనాయిలులో తడిపిన గుడ్డతో పాకలో ఇనుము చెక్కే లేత్ యంత్రం పట్టాలు తుడుస్తుండగా పెళ్ళాం చిన్నమ్మి వచ్చి, రోజూలాగే చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని చక్రం దగ్గర నిలబడింది. పిడి మీద చెయ్యి వేశాక గాని చక్రానికి బెల్టు లేదని చూడలేదు.

"ఇయ్యాల్టి నుంచి నువ్వు తిప్పక్కర్లేదు," అన్నాడు కూర్మయ్య, తల ఎత్తకుండానే. గోడవార బిగించిన మోటారు వైపు గడ్డంతో చూపించాడు. నిన్న ఆమె జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళినప్పుడు, తిరిగొచ్చేలోగా, ఆమెకు తెలియకుండా బిగించాడు దాన్ని.

చిన్నమ్మి మోటారును చూసింది. పిడి మీంచి చెయ్యి తియ్యలేదు.

"మరి నానేటి సెయ్యాల?"

"కూకో. సుకంగా కూకో."

ఆ మాట అనడానికి అతను చాలాకాలం ఆగాడు. వయసులో ఉన్నప్పుడు పలాసలో ఒక వర్క్‌షాపులో పనిచేశాడు. ఇనుపరజను ఊడ్చాడు, నూనె పోశాడు, బరువులెత్తాడు. లేత్ మీద చెయ్యి మాత్రం వెయ్యనివ్వలేదెవరూ. కొత్తది కొనడం తనవల్ల అయ్యేది కాదని తెలిశాక, కాశీబుగ్గలో పాత ఇనుప సామాన్ల కొట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. విరిగిన లారీ ఛాసిస్ నుంచి రెండు పట్టాలు కోయించి తెచ్చి, ఒక వేసవంతా ఆకురాయితో రాకి చదును చేశాడు. జీపు ఇరుసు నడిమి కడ్డీ అయింది. లారీ జాకీ మర, ఇనుము కోసే టూలును ముందుకీ వెనక్కీ నడిపింది. అన్నీ కుదిరాయి గాని, ఉద్దానంలోని వాళ్ళ ఊరికి వచ్చే కరెంటుకు బల్బు వెలగడమే కష్టంగా ఉండేది. అందుకని మూతపడ్డ బియ్యం మిల్లు నుంచి పెద్ద చక్రం ఒకటి బండి మీద తెచ్చి, పిడి పెట్టి, పెళ్ళాన్ని పిలిచాడు.

"నాలుగు రోజులు తిప్పు. ఆనక మోటారెట్టేత్తాను," అన్నాడు.

అప్పటికి కూతురు కళ్యాణి చంకపిల్ల. ఆ పిల్ల పెరిగి, పెళ్ళయి, హరిశ్చంద్రపురం కాపురానికి వెళ్ళిపోయినా చిన్నమ్మి చక్రం తిప్పుతూనే ఉంది.

తిప్పుతూ కబుర్లు చెప్పేది. పిక్కల కార్ఖానాలో ఎవరు ఎవరితో తగువాడారో, ఎవరి మేక ఎవరి తోటలో పడిందో చెప్పేది. కూర్మయ్య ఇంట్లో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చక్రం తిరుగుతున్నప్పుడు మాత్రం ఊఁ కొట్టేవాడు, ఒక్కోసారి నవ్వేవాడు కూడా. టూలు మొద్దుబారితే అతనికంటే ముందు ఆమెకు తెలిసేది. చేతికి తేడా తగిలి, "బరువెక్కినాది మావా, నూరుకో," అనేది. అతను తీసి చూస్తే నిజంగానే పదును పోయి ఉండేది.

ఈ ఎండాకాలం నుంచి ఆమె ఆ మాట అనడం ఎక్కువైంది. "బరువుగా ఉన్నాది మావా," అన్నప్పుడల్లా కూర్మయ్య టూలు నూరాడు. బేరింగుల్లో కొత్త గ్రీజు పెట్టాడు. బెల్టు వదులు చేశాడు. కోత సగానికి తగ్గించాడు. అయినా మర్నాడు మళ్ళీ అదే మాట. చివరికి లోపం యంత్రంలో లేదని అతనికి తోచింది. వయసు మీద పడి తిప్పలేకపోతోందనుకున్నాడు. ఊరికి కరెంటు కూడా ఇప్పుడు కాస్త నయంగానే వస్తోంది. మందసలో ఒక పిండిమర ఎత్తేస్తున్నారని తెలిసి, వెళ్ళి ఆ సామానంతా విప్పి పెట్టి, కూలికి బదులు మోటారు అడిగి తెచ్చుకున్నాడు.

స్విచ్చి వెయ్యగానే పాకలో బల్బు మసకబారింది. మోటారు ఒక్కసారి మూలిగి, అందుకుంది. భావనపాడు పడవకు చెయ్యాల్సిన షాఫ్టు, దాన్ని బిగించి పట్టిన చక్కులో గిర్రున తిరిగింది. ఇనుము నీలిరంగు తీగలా చుట్టలు చుట్టుకుంటూ ఊడి వస్తుంటే కూర్మయ్యకు ఒళ్ళు పులకరించింది. చూడమన్నట్టు వెనక్కి తిరిగాడు. చిన్నమ్మి గుమ్మంలో నిలబడి ఏదో అంటోంది. పెదాలు కదలడం కనిపించింది గాని మాట వినపడలేదు. కూర్చోమని చేత్తో సైగ చేశాడు. ఆమె వెళ్ళి పంచలో కూర్చుంది.

కాసేపటికి మాడు వాసన వచ్చింది. టూలు ఎప్పుడు మొద్దుబారిందో అతనికి తెలియలేదు. మొన కాలిపోయి, షాఫ్టు మీద గాడి పడింది. దాన్ని సరిచేసేసరికి మధ్యాహ్నం దాటింది.

షాఫ్టు కోసం వచ్చిన యువరాజు భావనపాడు కుర్రాడే, పడవ ఇంజను నడుపుతాడు. పంచలో కూర్చున్న చిన్నమ్మిని పలకరించి లోపలికొచ్చాడు. షాఫ్టు భుజాన వేసుకుని కూడా కదల్లేదు.

"మావా, అత్త కాళ్ళు సూసినావా? మా పక్కీదిలో ఇలగే ఉబ్బి ఇద్దరు పోనారు. ఆస్పత్రికి తీసుకెల్లు."

"సక్రం కాడ నిలబడి నిలబడి అలగయినాయి. ఇంక కూకుంటాది గదా, తగ్గిపోతాయి," అన్నాడు కూర్మయ్య.

పంచలో ఆ మాట విన్న చిన్నమ్మి చీర అంచు పాదాల మీదికి లాక్కుంది.

దీపాలు పెట్టేవేళ, ఇంకో పని సగంలో ఉండగా కరెంటు పోయింది. పాకలో హఠాత్తుగా నిశ్శబ్దం కమ్మింది. చిన్నమ్మి గోడ పట్టుకుని లేచి లోపలికొచ్చి, చక్రం దగ్గర నిలబడింది.

"బెల్టెయ్యి మావా. కాసింత పనే గదా, తిప్పెత్తాను."

"ఒద్దన్నాను గదా. రేపు సేసుకుంటాను."

"పొద్దుట్నించీ ఒక్క మాటా ఆడుకోనేదు."

"మోటారు సప్పుడు. అలవాటైపోతాది," అని అతను చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా చక్రం పిడి పట్టుకునే ఉంది. అప్పుడైనా బెల్టు వెయ్యొచ్చు. వెయ్యలేదు.

కూర్చున్నందువల్ల కాళ్ళు తగ్గలేదు. దసరా వెళ్ళాక వాపు ముఖానికి ఎక్కింది. కళ్యాణి వచ్చి పట్టుబట్టాక విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మూత్రపిండాలు రెండూ పాడయ్యాయని, చాలా ఆలస్యమైందని డాక్టరు చెప్పాడు. చక్రం తిప్పడం వల్ల వచ్చిందా అని కూర్మయ్య అడిగాడు. దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు డాక్టరు. ఇన్నాళ్ళూ ఆమె నీరసమని గాని, ఒంట్లో బాగులేదని గాని చెప్పలేదా అని అడిగాడు.

"సెప్పినాది బాబూ," అన్నాడు కూర్మయ్య. "బరువుగా ఉన్నాదని రోజూ సెప్పినాది."

ఇంటికి తీసుకెళ్ళమని డాక్టరు అంటే తీసుకొచ్చారు. కార్తీకంలో ఒక తెల్లవారుజామున, కూతురు కాఫీ కలుపుకుని వచ్చేలోగా చిన్నమ్మి పోయింది.

దినాలయ్యాక కూర్మయ్య పాక తలుపు తీశాడు. ఎవరి పనీ ముట్టుకోలేదు. చీపురు పట్టుకుని మూలమూలా ఊడుస్తుంటే, చక్రం పక్కన రజను కింద కొబ్బరిచెక్క ముక్క ఒకటి తగిలింది. చిన్నమ్మి పొట్టి మనిషి. పిడి పైకి వెళ్ళినప్పుడు చెయ్యి అందక, తనే ఎక్కణ్ణుంచో తెచ్చి కాళ్ళ కింద వేసుకున్నట్టుంది. ఎంతసేపూ చక్కు వైపే చూసే కూర్మయ్య దాన్ని ఎన్నడూ చూడలేదు. ఒంగి, రజను చేత్తో తుడిచాడు. కుడికాలు ఆనిన వైపు చెక్క లోపలికి అరిగి, ఐదు వేళ్ళ చోటా నున్నగా నల్లబడి ఉంది.