గట్టిగా తగుల్తోంది

కింది నుంచి తాడు కదలడం లేదు.

"లాగండి! ఏం చూస్తున్నారు, లాగండి!" ఇస్త్రీ అక్క అరుస్తోంది.

లాగుతూనే ఉన్నాం. బరువు పైకి వస్తోంది కానీ ఆ బరువు మాకు సాయం చేయడం లేదు. బతికున్న మనిషైతే కాలో చెయ్యో గోడకి ఆనించి తనూ ఎక్కుతాడు. ఇది మూటలా వస్తోంది.

మ్యాన్‌హోల్లోకి దిగింది అక్క మొగుడు, బక్కెట్లతో మురుగు తోడి పోశాక. మా వరస ఇళ్ళన్నిటికీ గొట్టాల పని అతనే చేసేవాడు. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ కొళాయి బావే. ఇందాకే లోపల్నించి అతని గొంతు వినిపించింది. "గుడ్డా కాదు, బురదా కాదు! ఏదో గట్టిగా తగుల్తోంది!" అన్నాడు. పొడవాటి వెదురు బద్దతో మళ్ళీ పొడిచిన చప్పుడు. తర్వాత దగ్గు. తర్వాత ఏమీ లేదు.

పైకి తెచ్చి గట్టు మీద పడుకోబెట్టాం. మొహమంతా నల్లటి బురద. అక్క రెండు చేతులతో తుడిచింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. హారన్ బాబాయి అతని గుండె మీద చేతులు పెట్టి నొక్కాడు, నొక్కుతూనే ఉన్నాడు. బాబాయి లారీ డ్రైవరు, మెల్లగా మాట్లాడటం చేతకాదు కాబట్టి ఆ పేరు. చివరికి చేతులు తీసేసి, మా ఎరుకలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"లేడమ్మా."

లోపల జారిపోకుండా బద్దని మణికట్టుకి కట్టుకోవడం బావ అలవాటు. అది ఇంకా చేతికే వేలాడుతోంది. దాని కొసకి ఒక గుడ్డ పీలిక చుట్టుకుని ఉంది.

మేనేజరు అప్పుడు వచ్చాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

ఈ ఇళ్ళు, ఈ స్థలం, వరస చివర లేస్తున్న కొత్త మేడ, అన్నీ ఒక్కాయనవే. ఆయన్ని మేం 'పెద్దాయన' అంటాం. నలుగురిలో ఉంటే ఆ మాట కూడా గొంతు తగ్గించి అంటాం. మేనేజరు ఆయన మనిషి. శవాన్ని ఒకసారి చూశాడు, బద్దని రెండుసార్లు చూశాడు. పుల్లతో ఆ పీలికని పైకెత్తి జెండాలా అందరికీ చూపించాడు.

"చూశారా? మొదట్నించీ మొత్తుకుంటున్నాను. మీ ఆడవాళ్ళు మురుగు లైన్లో గుడ్డలు కుక్కుతున్నారు. మీ గుడ్డే మీ మనిషిని మింగింది. ఇతనైనా ఏ మత్తులో దిగాడో ఏమో!"

"నోరు జాగ్రత్త!" బాబాయి లేచాడు. "వాడు జన్మలో చుక్క ముట్టలేదు."

"సరే సరే. ఈ లైను ఇక పనికిరాదు, పెద్దాయన చెప్పమన్నారు. రేపు లారీలు వస్తాయి. సామాన్లు ఎక్కించి ఇళ్ళు ఖాళీ చేయండి. ఈ కంపులో ఉంటే పిల్లా పీచూ రోగాలొచ్చి పోతారు. మీ మంచికే చెప్తున్నాను."

మా మంచి ఆయనకి అంత హఠాత్తుగా గుర్తొచ్చింది.

మా వరసల పద్ధతి మీకు చెప్పాలి. వినేవాళ్ళలో కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళున్నారు, కాలేజీల్లో చదివేవాళ్ళున్నారు, మీ పద్ధతులు కూడా ఒకసారి చూసుకోండి. మా ప్రతి గుమ్మం ముందూ ఒక చాంబరు, మూతున్న మురుగు గుంట, ఉంటుంది. మురుగు పొంగితే ఎవరి బద్ద వాళ్ళు తీసుకుంటారు. మన గుమ్మం ముందున్న గడ్డని పక్కింటి గుమ్మం ముందుకి తోసేస్తే మన పని అయిపోయినట్టే. పక్కింటివాళ్ళు దాన్ని ఆ పక్కింటికి తోస్తారు. అలా తోసుకుంటూ పోతే చివర్న వీధి పెద్ద లైన్లో కలిసిపోయేది. ఈమధ్య కలవడం లేదు. తోసింది తోసినట్టే వెనక్కి వస్తోంది. వంటగదుల్లోకి వచ్చింది. పసిపిల్లల్ని పడుకోబెట్టే చాపల కిందికి వచ్చింది. మేమేం చేశాం? ఇంకా గట్టిగా తోశాం. తోసి, తిట్టుకుని, జుట్లు పట్టుకున్నాం. చివర ఏముందో ఒక్కరూ చూడలేదు. చూసిన మొదటి మనిషి ఇప్పుడు గట్టు మీద పడి ఉన్నాడు.

"ఆగండాగండి." కుట్టుమిషను అత్త ముందుకొచ్చింది. అత్తకీ అక్కకీ గోడ ఒకటే, మాటల్లేవు, అదీ ఈ మురుగు గొడవ వల్లే. కళ్ళజోడు సర్దుకుని పీలికని దగ్గరగా చూసింది. "ఈ నీలం గీతలు నేను ఎరుగుదును. నీ ఇస్త్రీ బల్ల మీద దుప్పటి కాదూ ఇది?"

అక్క లేచింది. పీలికని బక్కెట్లో ముంచి పిండింది. నల్లటి నీళ్ళు పోయాక గుడ్డ మధ్యలో గోధుమరంగు మచ్చ కనిపించింది. ఇస్త్రీపెట్టె మరిచిపోయి వదిలేస్తే పడే ముక్కోణపు మచ్చ. ఆ దుప్పటి కాలిన రోజు అక్క ఎంత ఏడ్చిందో వరసంతా చూసింది.

"నాదే," అంది.

ఒక్కసారిగా గోల.

"అయ్యో అయ్యో! మొగుణ్ణి నువ్వే..."

"వీధిలో మమ్మల్ని గుడ్డలు కుక్కుతున్నారని తిడుతూ, చేసింది నువ్వా?"

"మీ ఇంటి కంపు మేం మోశామన్నమాట!"

మేనేజరు రుమాలు వెనక నవ్వుతున్నట్టు కళ్ళు చెప్తున్నాయి. అక్క పీలిక కొసని వేళ్ళ మధ్య నలుపుతోంది. అది నలగడం లేదు. ఇసకా సిమెంటూ పట్టుకుని రాయిలా బిగుసుకుపోయింది. గోరుతో గీరింది. పొడి రాలింది.

తలెత్తి జనం వెనక్కి చూసింది. అక్కడ ఆమె తమ్ముడున్నాడు. తాపీ మేస్త్రి, పెద్దాయన కొత్త మేడ దగ్గరే పని. అక్క చూపు పడగానే తల దించేశాడు.

తడి చోట ఇటుక పేర్చేటప్పుడు ఊట ఆపడానికి, పాత గుడ్డని తాడులా మెలిపెట్టి సందుల్లో కుక్కడం అతని పద్ధతి. కాలిన గుడ్డ ఉంటే ఇవ్వమని అక్కని అడుగుతూనే ఉంటాడు.

"దుప్పటి నాదే," అంది అక్క, ఈసారి అందరికీ వినపడేలా. "కానీ లైన్లో నేను వేయలేదు. గుడ్డకి సిమెంటు పట్టి ఉంది, చూడండి. ఏ ఆడది గుడ్డకి సిమెంటు పూసి పారేస్తుంది?"

పీలిక చేతులు మారింది. అత్త గోరుతో గీరింది. బాబాయి పంటితో కొరికి ఉమ్మేశాడు. "సిమెంటే!"

"ఆ దుప్పటి ఎవరికిచ్చావే?" అత్త అడిగింది.

"చెప్తాను. ముందు చివరిదాకా తవ్వాలి."

"తవ్వడమేంటి?" మేనేజరు గొంతు మారింది. "అది పెద్దాయన స్థలం. పార వేశారో, పోలీసులొస్తారు."

చెప్పేసి కొత్త మేడ వైపు గబగబా నడిచాడు. అతను అంత వేగంగా నడవడం మేం ఎప్పుడూ చూడలేదు.

బావ మీద దుప్పటి కప్పి, పక్కనే కూర్చుని వాదించుకున్నాం. వెళ్ళిపోదామన్నవాళ్ళే ఎక్కువ.

"పోలీసులతో మనకెందుకు? ఎక్కడో ఒకచోట తల దాచుకుందాం."

"ఎక్కడ?"

"ఏమో. లారీ ఎక్కడ దింపితే అక్కడ."

"ఆ లారీ తెమ్మంది నన్నే," అన్నాడు బాబాయి.

అందరం అతని వైపు తిరిగాం.

"నిన్న చెప్పారు, రేపు పొద్దున్నే ట్రిప్పులున్నాయని. ఎవరి సామాన్లో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎప్పుడడిగాను గనక! అంటే నా పెళ్ళాం పిల్లల్ని నా లారీలోనే ఎక్కించి నాచేతే తోలిస్తారన్నమాట." గొంతు మళ్ళీ పెద్దదైంది. "రేపు నా లారీ కదలదు. పార ఎవరిదగ్గరుందో పట్టుకురండి!"

ఆ మాటతో వాదన తెగింది.

లైను వెంబడే నడిచాం. ప్రతి చాంబరు మూతా తీసుకుంటూ పోయాం, లోపలి విషగాలి పోవాలని. కొత్త మేడ పక్కన దారి ఆగిపోయింది. వీధిలో కలిసే ముందు ఉండాల్సిన చివరి మ్యాన్‌హోల్ కనపడలేదు. దాని చోట కంకర గుట్ట ఉంది.

"ఇది పెద్దాయన కంకర," అన్నాడు వాచ్‌మన్, అడ్డంగా కర్ర పెట్టి.

"మేం తినడానికి రాలేదు నాయనా, పక్కకి జరపడానికి వచ్చాం," అంది అత్త. "నీ ఇంట్లోకీ వచ్చింది కదా మురుగు? మీ ఆవిడ పొద్దున నా గుమ్మంలోకి తోసింది కూడా."

వాచ్‌మన్ కర్ర కింద పెట్టి, ఒక తట్ట తనూ అందుకున్నాడు.

తట్టలు, బక్కెట్లు, వంటగిన్నెలు. ఆడవాళ్ళు వరసగా నిలబడి కంకర చేతులు మార్చారు. ఆ చేతులు నిన్నటిదాకా జుట్లు పట్టుకున్నవే. మూత బయటపడింది. గడ్డపారతో లేపాం. ఎవరో కాలు లోపల పెట్టబోతే అక్క చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "ఇంకెవరూ దిగరు. ఒక మనిషి చాలు." అత్త ఇంట్లోంచి అద్దం తెచ్చింది. ఎండని అద్దంలో పట్టి లోపలికి కొట్టింది.

లోపల పొడిగా ఉంది.

ఇళ్ళలోకి మురుగు పొంగుతోంది, ఇక్కడ చుక్క తడి లేదు. అద్దం వెలుగు మెల్లగా గొట్టం నోటి మీదికి జరిగింది. నోరంతా ఇటుకలు. ఎర్రటి కొత్త ఇటుకలు, నున్నగా పూసిన సిమెంటు. ఒక మూల సందులోంచి నీలం గీతల గుడ్డ తొంగి చూస్తోంది.

పక్కన సగం లేచిన మేడ గోడలోనూ అవే ఇటుకలు.

పోలీసు జీపు అప్పుడే వచ్చింది. వెనకే కారు. కారులోంచి పెద్దాయన దిగాడు. మేనేజరు పరిగెత్తుకెళ్ళి ఎండ తగలకుండా గొడుగు పట్టాడు. తెల్లటి బట్టలు, మెత్తటి గొంతు.

"పాపం, మనిషి పోయాడు, బాధలో ఉన్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "కేసులేం వద్దండీ. చెదరగొడితే చాలు."

"ముందు ఇది చూడండి," అంది అక్క. ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. మొహం చిట్లించాడు. పెద్దాయన వంగలేదు. లోపల ఏముందో అడగనూ లేదు.

"గోడా? అయ్యయ్యో. ఇప్పుడే పగలగొట్టిస్తాను. సాయంత్రానికల్లా మీ లైను పారుతుంది. ఏమంటారు?"

మాలో చాలామందికి ప్రాణం లేచొచ్చింది. "కొట్టేయండి బాబూ!" అని ఎవరో అన్నారు కూడా. మేనేజరు గడ్డపార కోసం చెయ్యి చాచాడు.

అక్క దాని మీద కాలు వేసి నిలబడింది.

"ఇన్నాళ్ళు ఓర్చుకున్నాం, ఇంకాసేపు ఓర్చుకుంటాం. గోడ పోతే నా మొగుడు మత్తులో చచ్చినవాడవుతాడు, మనం గుడ్డలు కుక్కినవాళ్ళమవుతాం, మనల్ని ఖాళీ చేయించడానికి రేపో ఎల్లుండో మళ్ళీ ఇంకో గోడ లేస్తుంది. ముందు గోడ ఎవరిదో తేలాలి. తేలాక మేమే కొడతాం."

"తేలేదేముంది?" అన్నాడు మేనేజరు. "మీలోనే ఉన్నాడుగా మేస్త్రి. మీవాడి పనే!"

జనం గిర్రున తిరిగింది. క్షణంలో తమ్ముడి కాలరు నాలుగు చేతుల్లో ఉంది. ఎవరో చెంప మీద కొట్టారు. "బావని చంపావు కదరా!" అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అక్క మధ్యలోకి దూరింది. కొట్టడానికే అనుకున్నాం. కాలరు విడిపించింది.

"తాపీ వీడిది. దుప్పటి నాది. ఇటుక ఎవరిది? సిమెంటు ఎవరిది? దీని మీద గుట్ట పోయించిన కంకర ఎవరిది? బాబాయిని రేపు లారీ తెమ్మన్నదెవరు? వీణ్ణి కొట్టేవాళ్ళు ముందు బాబాయిని కొట్టండి!"

చేతులు కిందికి దిగాయి. ఆమె తమ్ముడి గడ్డం పట్టి మొహం పైకెత్తింది.

"చెప్పు."

"పాత లైనన్నారక్కా. వాడకంలో లేదన్నారు. ఊట వస్తోందేమని అడిగితే వాననీళ్ళన్నారు. ఇళ్ళు పొంగడం మొదలయ్యాక తెలిసింది. పోయి అడిగాను. నోరు తెరిస్తే ఎక్కడా తాపీ పట్టకుండా చేస్తామన్నారు. బావతో చెప్దామని రోజూ అనుకున్నాను. ఇవాళ దిగుతాడని తెలిస్తే... నేను పనిలో ఉన్నానక్కా..."

"చాల్లే. ఒప్పుకున్నాడుగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వీణ్ణి ఎక్కించండి."

కానిస్టేబుళ్ళు రెక్కలు పట్టుకుని జీపులోకి తోశారు. జీపు కదలబోయింది. ముందు చక్రాల దగ్గర కుట్టుమిషను అత్త కూర్చుంది. పక్కన బాబాయి. తర్వాత వాచ్‌మన్. తర్వాత మేమంతా. లాఠీలు పడ్డాయి. అత్త కళ్ళజోడు పగిలింది. ఎవరూ లేవలేదు.

అక్క జీపు కిటికీ పట్టుకుంది. "కట్టింది నువ్వు. సరే, శిక్ష పడితే పడనీ. కట్టించిందెవరు?"

"పెద్దాయన," అన్నాడు తమ్ముడు, అలవాటు చొప్పున గొంతు తగ్గించి.

"ఎవరికీ వినపడలేదు. ఎవడురా నీకు పెద్ద? మీ బావ ఊపిరాడని గోతిలోంచి అరిచి చెప్పాడు. నువ్వు ఎండలో కూర్చుని గుసగుసలాడుతున్నావా?"

తమ్ముడు కటకటాల్లోంచి చెయ్యి బయటికి చాచి గొడుగు వైపు చూపించాడు.

"ఓనరు! ఈ ఇళ్ళ ఓనరు! ఆ గొడుగు కింద ఉన్నవాడే! పక్కనే నిలబడి, చివరి ఇటుక పెట్టేదాకా చూసి కట్టించాడు!"

మెత్తటి గొంతు ఇన్‌స్పెక్టరుతో ఏదో అంటోంది, వినపడటం లేదు. ఎందుకంటే వరసల్లో వెనకున్నవాళ్ళు, ఏమీ కనపడనివాళ్ళు, అడుగుతున్నారు: "ఎవరట? ఎవరట?" చక్రాల ముందు అత్త చెప్పింది. అత్త మాట వాచ్‌మన్ పెళ్ళాం అందుకుంది. ఆమె వెనక్కి తిరిగి పక్క గుమ్మానికి అరిచింది. ఆ గుమ్మం ఆ పక్క గుమ్మానికి. బద్దలతో గడ్డలు తోసుకున్న దారంతా ఆ మాట పోయింది. బావ పడుకుని ఉన్న గట్టుదాకా పోయి, పెరిగి పెద్దదై, తిరిగి మా దగ్గరికి వచ్చింది.

"చంపింది ఓనరు!"