గచ్చు మీద గీసిన కర్ణం

జూన్ నుంచి దాచిన పరీక్ష కాగితాలన్నీ ముందేసుకుని, ఈ ఏడాది లెక్కల్లో ఏం నేర్చుకున్నామో ఒక పేజీ రాయమన్నారు అబ్రీగో మేడమ్. తొమ్మిదో తరగతి మొత్తానిదీ ఒకటే పాట: "చాలా నేర్చుకున్నాను, థాంక్యూ మేడమ్." నా పెన్ను అది కూడా రాయనంది. తలుపు మీద అంటించిన వేసవి క్లాసు జాబితాలో నా పేరుంది: రియాలిన్, డెబ్బై నాలుగు. పాసు కావాలంటే డెబ్బై ఐదు. ఒక్కటంటే ఒక్కటి తక్కువ! మా సమార్ దీవి తీరంలో అందరూ ఈతలు కొడుతుంటే నేను బళ్లో కూర్చుని ఏడవాలి.

ఆగస్టు నాటి కాగితం తీశాను. ఐదు చతురస్రాల కర్ణాలు కనుక్కోమన్న పరీక్ష. ఐదింటికీ ఎర్ర ఇంటూలు. మా క్లాసులో కాగితాలు పక్కవాడితో మార్చుకుని దిద్దుకుంటాం. మేడమ్ జవాబులు చదువుతారు. తర్వాత పేరు పిలిస్తే ఎవరి మార్కు వాళ్లే అరిచి చెప్పాలి. ఆ రోజు "సున్నా" అని అరిచాను. అప్పటినుంచి నా పేరు గుడ్డు.

మొదటి జవాబు రూట్ ఎనిమిది అని రాశాను. దాని పక్కనే ఎర్రగా, మేడమ్ చదివిన జవాబు: రెండు రూట్ రెండు. రెండింటినీ పక్కపక్కన చూసేసరికి ఒళ్లు జల్లుమంది. ఆ వెంటనే మండింది.

"జెర్విన్! ఇది దిద్దింది నువ్వే కదూ?"

"ఆ, నేనే. ఏం గుడ్డూ, ఇప్పుడు కూర్చుని పొదుగుతావా?"

క్లాసంతా పకపకా నవ్వింది. నేను లేచాను.

"మేడమ్, నా జవాబులు కరెక్టే. రూట్ ఎనిమిదీ, రెండు రూట్ రెండూ ఒకటే."

మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు. "నువ్వంటే సరిపోదమ్మా. చూపించు."

సుద్దముక్క తీసుకుని నేల మీద చతికిలబడ్డాను. ఎర్ర మైనం పూసి, కొబ్బరి డొక్క కాలికింద పెట్టి ప్రతి శుక్రవారం నేను తోమే గచ్చే అది. దాని గళ్లన్నీ నాకు కంఠతా వచ్చు.

"గడి పొడవు ఒకటి అనుకోండి. నాలుగు గళ్లు కలిస్తే పెద్ద చదరం, భుజం రెండు. మూల నుంచి మూలకి ఇదిగో గీత. నాలుగూ నాలుగూ ఎనిమిది, కాబట్టి రూట్ ఎనిమిది. ఇప్పుడు అదే గీత చూడండి. రెండు చిన్న గళ్లలోంచి పోయింది. ఒక్కోదాంట్లో ఒకటీ ఒకటీ రెండు, రూట్ రెండు. అలాంటివి రెండు!"

జెర్విన్ బెంచీ ఎక్కి తొంగిచూశాడు. నా కాగితం అందుకుని ఐదు జవాబులూ మళ్లీ చదివాడు.

"ఒకటే గీత రా బాబూ! మిగతా నాలుగూ అంతే మేడమ్. అనవసరంగా ఇంటూలు కొట్టేశాను."

"నువ్వు పిల్లాడివి. కాగితం చూడకుండా సున్నా రాసుకున్నది నేను," అన్నారు మేడమ్. "మరి అప్పుడే అడగొచ్చు కదే, రియాలిన్?"

"అప్పుడు నాకే తెలీదు మేడమ్. నేనూ తప్పనే అనుకున్నా."

మేడమ్ మార్కుల పుస్తకం తెరిచి మళ్లీ లెక్క కట్టారు. డెబ్బై ఐదు దాటింది. తలుపు దగ్గరికి వెళ్లి జాబితాలో నా పేరు కొట్టేశారు. తిరిగొచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, ఆగస్టులో పిలిచినట్టే పిలిచారు.

"రియాలిన్?"

"ఐదుకి ఐదు!" అని అరిచాను. క్యాంటీన్లో అరటిపళ్లు వేయిస్తున్న ఆవిడ అట్లకాడతో సహా బయటికొచ్చి చూసింది.