అత్యవసర నంబరు

మా ఆడపడుచు కళ్లద్దాల కర్మాగారంలో లెన్సులు తనిఖీ చేస్తుంది. చేరేటప్పుడు తనకు పిల్లలు లేరని రాసిచ్చింది. ఏడాదిన్నర పాపను పెట్టుకుని అంత అబద్ధమెలా ఆడావే అంటే, "నిజం చెప్పినవాళ్లను గేటే దాటనివ్వలేదు వదినా" అంది.

ఆ విభాగంలో అలా దాచినవాళ్లు ఎనిమిది మంది. పోయిన నెల ఇద్దరికి కాంట్రాక్టు పొడిగించలేదు. మిగిలిన ఆరుగురి గడువు శుక్రవారంతో తీరుతుంది.

"లోపలివాళ్లే ఎవరో ఆఫీసుకు మాటలు మోస్తున్నారు" అంది మా ఆడపడుచు. తన అనుమానం గడియారం మీద. పెళ్లి చేసుకోని సీనియరు, నిమిషం అటూ ఇటూ కాకుండా వస్తుందని ఆ పేరు. "మొన్న నా సంచిలోంచి పాలసీసా మూత పడితే చూసీ చూడనట్టు తల తిప్పుకుంది. ఏమిటని అడగాలా వద్దా? అడగలేదంటే అర్థమేంటి?"

నాకూ అనుమానం అంటుకుంది. ఒకరోజు బస్టాపులో ఆవిడ నన్ను చూసి నవ్వింది. ఎందుకు నవ్విందా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించాను.

తల్లులన్న కారణంతో పనిలోంచి తీసేయకూడదని యాజమాన్యానికి అర్జీ రాసిపెట్టాను. సంతకాలు మాత్రం పడలేదు. కాగితం గడియారం కంటపడితే తమ పేర్లు తామే అప్పజెప్పినట్టవుతుందని ఆరుగురికీ భయం.

బుధవారం పాపను తీసుకురావడానికి కర్మాగారం పక్కనున్న పిల్లల కేంద్రానికి నేను వెళ్లాను.

"మీవాళ్ల ఆఫీసు నుంచి మళ్లీ ఫోనమ్మా" అంది ఆయా. "నంబర్లు సరిచూస్తున్నారట. పోయిన నెల ఎనిమిది పేర్లు చదివి, వీళ్ల పిల్లలు మీ దగ్గరేనా అన్నాడు. ఎంత మర్యాదస్తుడో! అవునన్నాను. ఈసారి ఆరే చదివాడు. ఇద్దరు మానేశారా?"

ఇంటికొచ్చి అడిగాను. "చేరేటప్పుడు అత్యవసరమైతే ఎవరికి చెప్పాలని రాశావు?"

మా ఆడపడుచు ముఖం పాలిపోయింది. "నాకేదైనా అయితే పాపను పంపించకుండా ఉంచుకోమని ముందు వాళ్లకే చెప్పాలి కదా వదినా... అందరం అదే నంబరిచ్చాం."

ఒకే దరఖాస్తులో పై గడిలో పిల్లల్లేరని, కింది గడిలో పిల్లల కేంద్రం నంబరు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు సాయంత్రం ఆరుగురూ మా ముందుగదిలో కూర్చున్నారు. ఆయా చెప్పింది విన్నాక గడియారాన్నీ పిలిచారు. ఆ విభాగంలో పర్మనెంటు ఆవిడొక్కతే, ఆవిడ సంతకముంటే అర్జీని బుట్టలో పడేయలేరు. ఆవిడ రెండుసార్లు చదివింది.

"నెలరోజులుగా నేను రాగానే మాటలాపేస్తున్నారు. ఇప్పుడు సంతకానికి గుర్తొచ్చానా?"

"తప్పైపోయిందక్కా. మీరే చెప్పారనుకున్నాం" అంది మా ఆడపడుచు.

"చెప్పేదాన్నయితే నెల ఎందుకు, ఒక్క పూట చాలదూ? లెన్సు మీద వెంట్రుకంత గీత పట్టేదాన్ని. మీ భుజాల మీద పాలమరకలు కనబడవా?"

ఒకామె గబుక్కున తన భుజం చూసుకుంది.

"రేపు మేనేజరు ఒక్కొక్కరినీ పిలిచి అడిగితే, ఈవిడే రాయించిందని నన్ను చూపించరని నమ్మకమేంటి?"

ఆవిడను నమ్మనివాళ్లం, మమ్మల్ని నమ్మమని ఏ ముఖంతో అడుగుతాం?

కాగితాన్ని మావైపు తోసింది. "ముందు మీరు పెట్టండి, నా కళ్లెదురుగా. పొడి అక్షరాలు కాదు, పూర్తి పేరు. ఆఖర్న నేను."

మొదటి పేరు ఎవరిదో, మొదట పోయేదీ వాళ్లేనని గదిలో అందరికీ తెలుసు. మా ఆడపడుచు కలం తీసుకుంది. పూర్తి పేరు రాసి, పక్కన "ఒక పాప తల్లి" అని చేర్చింది.

గడియారం కాగితాన్ని తనవైపు తిప్పుకుని అక్షరమక్షరం చదివింది.

"ఊఁ, తర్వాత ఎవరు?"